ఉప్పు ర్యాక్ ఫోటో

సంతోష్‌నగర్ సూపర్‌మార్కెట్‌లో నీలమ్మ ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద ర్యాకులు సర్దుతోంది. ఆ పొద్దున మేనేజర్ నిఖిలేష్ ఆమెను పిలిచి జ్ఞానం పంచాడు.

"నీలమ్మా, పనులన్నీ ఒక్కతీరు చూడొద్దు. ప్రయారిటీ పెట్టుకోవాలె. ఇయ్యాల ఫస్ట్ పని ఉప్పు ర్యాక్. నిండుగ ఉండాలె. ఫోటో నేనే తీసి హెడ్ ఆఫీసుకు పంపుత. అది ఓకే అయితే నువ్వు పర్మినెంటు."

పర్మినెంటు అన్న మాట చెవినపడ్డాక నీలమ్మ చేతులు ఆగలేదు. పప్పులు, సబ్బులు పక్కన పడేసి ఉప్పు ప్యాకెట్లు గోడ కట్టినట్టు పేర్చింది. తీరా చూస్తే నిఖిలేష్ గది తలుపు మూసి ఉంది. లోపల ఆన్‌లైన్ మీటింగ్. మీటింగ్ విషయం: సమయం ఆదా చేయడం ఎలా. అది ఎంతకీ తెమలదు.

ఈలోగా ఒకావిడ వచ్చి సరిగ్గా నడిమి ప్యాకెట్ లాగింది. నీలమ్మ ఆ సందు పూడ్చింది. ఇంకొకాయన కింది వరుసలో చెయ్యి పెట్టాడు. అదీ పూడ్చింది. గోడౌన్‌లో ఉప్పు అయిపోయింది. ఇక లాభం లేదని ప్లాస్టిక్ తాడు తెచ్చి ర్యాక్‌కు అడ్డంగా బిగించింది. అమ్మకానికి పెట్టిన సరుకును ఎవరూ కొనకుండా కాపలా కాయడమే ఆమె ఉద్యోగమైంది.

పక్క గల్లీ వరమ్మ తాడు చూసి ఆగింది.

"ఏందే, ఉప్పుకు తాడేంది?"

"మీటింగ్ నడుస్తుందక్కా. అది ఒడిసేదాంక ఎవ్వలకియ్యం."

"ఉప్పుకు మీటింగా!"

వరమ్మ అక్కడే ఫోన్ తీసి చాంద్రాయణగుట్టలోని చెల్లెలికి చెప్పింది. "ఉప్పు బందయితుందంట. దొరికినకాడికి తెచ్చుకో. ఎవ్వలకు చెప్పకు."

చెప్పొద్దన్నాక ఆ మాట ఆగుతుందా? కాసేపటికి దుకాణం బయటిదాకా లైను కట్టింది. నర్సింహ ఆటో పక్కన పెట్టి అందులో దూరాడు.

"ఏమిస్తున్నరు భాయ్?"

"తెల్వదన్నా. ముందుగాల లైన్ల నిలవడు, ఒచ్చినంక చూస్కుందాం," అన్నాడు ముందున్నవాడు.

నీలమ్మ ర్యాక్‌కు వీపు ఆనించి చేతులు చాచింది. "లొల్లి చెయ్యకుండ్రి! రేపు రాండ్రి, అందరికిస్తం!"

"రేపటికి ఉంచుతరా మీరు? దాస్కుంటున్నరు!" అని వరమ్మ అరిచింది.

తాడు పుటుక్కున తెగింది. ఉప్పు అందనివాళ్లు చక్కెర పట్టారు, చక్కెర అందనివాళ్లు రవ్వ పట్టారు. తెల్లగా ఉంది చాలని నర్సింహ ముగ్గుపిండి సంచి భుజానేసుకుని, ముందు నా బిల్లే కొట్టాలని కౌంటరు దగ్గర కొట్లాటకు దిగాడు.

నిఖిలేష్ తలుపు తీసేసరికి ర్యాక్ బోసిగా ఉంది.

"ఏంది నీలమ్మా గిది?"

"మీ ఫోటో కోసమే ఆపిన సార్..."

ఫోటో పంపే గడువు దాటిపోతోంది. నిఖిలేష్ ఆ ఖాళీ ర్యాక్‌నే ఫోటో తీసి పంపాడు. ఉద్యోగం ఊడినట్టేనని నీలమ్మ చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సాయంత్రం హెడ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరూ కొనక మూలుగుతున్న ముగ్గుపిండితో సహా ఇంత సరుకు ఒక్కపూటలో అమ్మిన బ్రాంచి మరోటి లేదట. "ఏం ప్లానింగ్ నిఖిలేష్! నిన్ను ఏరియా మేనేజర్ చేస్తున్నం."

పక్కనే నిలబడి విన్న నీలమ్మ ముఖం వెలిగింది. "మరి నా సంగతి సార్?"

"నీది ఫోటో సంగతి కద నీలమ్మా. అది వేరే డిపార్ట్‌మెంటు చూస్తది."

చూసింది. ర్యాక్ ఖాళీగా ఉంచినందుకు సంజాయిషీ ఇమ్మని మర్నాడే మెమో పంపింది. దానికి జవాబు రాయడమే ఆ రోజు నీలమ్మకు మొదటి పనిగా నిర్ణయించారు.