మూడో పాదం

ఆ ఉదయం తెలుగు మాస్టారి పథకం చాలా చిన్నది. పన్ను పీకించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు, ఆ రోజు పాఠాన్ని ఫోన్లో రికార్డు చేసి విద్యార్థుల గ్రూపులో పెట్టేయాలి. పాఠం ఒక భావకవి రాసిన నాలుగు పాదాల పద్యం. సంధ్యవేళ మెట్ల మీద కూర్చున్న స్త్రీ సౌందర్యం దాని విషయం.

కవి పరిచయం చేసి, పద్యం చదివి మొదటి ముక్క పంపారు. అంతలో ట్యాంకు పొర్లిపోతోందని అపార్ట్‌మెంటు గ్రూపులో గోల మొదలైంది. మాస్టారు అందులో "మోటారు కట్టేస్తున్నాను" అని రాసి, కట్టేసి వచ్చి, ఏ గ్రూపులో ఉన్నారో చూసుకోకుండా అక్కడే రెండో ముక్క అందుకున్నారు. విశ్లేషణలో పడితే ఆయనకి ఒళ్ళు తెలియదు.

"ఆ మెట్ల మీది సుందరిని చూశారా? మొదటి పాదం ఎంత మెత్తగా పడిందో! రెండో పాదం దగ్గర నడక కాస్త కుంటుతుంది. సొగసంతా ఆ కుంటులోనే ఉంది. ఇక మూడో పాదం! బరువంతా దాని మీదే. అది లాగేశామా, మొత్తం కుప్పకూలుతుంది. రేపు లాగి చూపిస్తాను."

పంపించేసి, ఫోను జేబులో పడేసుకుని ఆస్పత్రికి వెళ్ళిపోయారు.

ఆ భవనంలో సాయంత్రాలు మెట్ల మీద కూర్చునే ఆడమనిషి ఒక్కరే. ఇంటి ఓనరు తల్లి. ఒక కాలు కుంటు, చేతిలో కర్ర. మొదటి అంతస్తు వకీలు రికార్డింగును రెండుసార్లు విని తీర్పు చెప్పేశారు.

"మూడో పాదమంటే కర్రే. సందేహమే లేదు."

"మా అమ్మ కర్ర లాగేస్తాడా?" ఓనరు లుంగీ ఎగ్గట్టాడు.

మాస్టారు తిరిగొచ్చేసరికి గుమ్మంలో భార్య, ఓనరు, వకీలు నిలబడి ఉన్నారు. మాస్టారి నోట్లో దూది, దవడ మొద్దుబారి ఉంది.

"పెళ్ళై ఇన్నేళ్ళయింది, నాకు పాదాలున్నాయని ఏనాడైనా గమనించారా?" అంది భార్య. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మాస్టారు ఫోను తీసి చూసుకున్నారు. పాఠం రెండో ముక్క అపార్ట్‌మెంటు గ్రూపులో ఉంది. "మద్యం! మద్యం!" అన్నారు, పద్యం అనబోయి.

"పొద్దున్నే మద్యమా!" భార్య గుండెల మీద చెయ్యేసుకుంది.

"నేరం ఒప్పుకున్నట్టే," అన్నారు వకీలు.

"సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యండి మాస్టారూ! లేకపోతే సామాన్లు నేనే దింపిస్తా!" అన్నాడు ఓనరు.

మాస్టారు పుస్తకం తెచ్చి చూపించబోతే, విసరడానికనుకుని వకీలు లాక్కున్నారు. మాట తిరిగేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి సగం సామాను మూటల్లో ఉంది. మూటల మధ్య కూర్చుని మాస్టారు పుస్తకం తిరిగి అడిగి తీసుకుని, పాదమంటే పద్యంలో ఒక వరుస అనీ, అందులో మాటలు సాఫీగా సాగకపోతే కుంటడం అంటారనీ, ఆ కవి ఈ భవనం కట్టకముందే పోయాడనీ వేలు పెట్టి చూపించారు.

"ఛ, ఇంతేనా!" ఓనరు నవ్వేశాడు. భార్య కళ్ళు తుడుచుకుంది. వకీలు తనకి ముందే అనుమానం వచ్చిందన్నారు.

సరిగ్గా అప్పుడే కర్ర చప్పుడైంది. పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. తల నున్నగా దువ్వుకుంది. మొహాన పౌడరు.

"అయితే అది నా గురించి కాదా నాయనా?"

మాస్టారు పుస్తకం మూసేశారు.

"మా చెల్లెలికి ఫోన్ చేసి కూడా చెప్పానే," అందావిడ మెల్లగా.

ఓనరు నవ్వు మాయమైంది. మాస్టార్ని పక్కకి లాగాడు. "నాన్న పోయాక అమ్మ అద్దం ముందు నిలబడటం ఇదే మొదటిసారి. ఆవిడ గురించి కాదని ఇంకోసారి అన్నారంటే సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే!"

భార్య మాస్టారి డొక్కలో మోచేత్తో పొడిచింది. "మీ గురించే పిన్నిగారూ! ఈయనకి మొహమాటం. ఇంట్లో కూడా అస్తమానం మీ మాటే!"

అది పద్యమని నిరూపించడానికి పూటంతా చెమటోడ్చిన మాస్టారు, కాదని నిరూపించడానికి మళ్ళీ గొంతు సవరించుకున్నారు. వకీలు సాక్ష్యం పలికారు. పెద్దావిడ మూట మీద తీరిగ్గా కూర్చుంది.

"ఆ రెండో పాదం సంగతి ఇంకోసారి చెప్పు నాయనా."

మర్నాడు క్లాసులో ఓ విద్యార్థి లేచి, "ఇంతకీ ఈ పద్యం ఎవరి గురించి సార్?" అని అడిగితే, మాస్టారు ముందుగా వెళ్ళి తలుపు వేసి రమ్మన్నారు.