దొర మళ్లీ పోయాడు

పెళ్లాం కంట పడకుండా సీసా దాచే మొగుళ్లు ప్రగతి నగర్‌లో కొందరున్నారు. సిగరెట్ పెట్టె దాచేవాళ్లు ఇంకొందరు. లింగమూర్తికి ఆ అలవాట్లేవీ లేవు. ఆయన చచ్చిన చేపల్ని దాచేవాడు.

అదీ సరదాకి కాదు. మాటిచ్చి ఇరుక్కున్నాడు.

లింగమూర్తి మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబులు చూసేవాడు. ఏ రోడ్డు మీద రాస్తారోకో ఉంది, ఎవరిని ఏ బండి ఎక్కించాలి, ఎటు తిప్పి ఇంటికి చేర్చాలి అన్నది ఆయన పని. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. వారంలో ఒక బంద్ లేకపోతే ఏదో మరిచిపోయినట్టుండేది. ఆ గొడవలకు జడిసి కింది అంతస్తులో ఉన్న చిన్న కంపెనీ ఒకటి బెంగళూరుకు మూటాముల్లె సర్దుకుంది. పోతూ పోతూ రిసెప్షన్‌లో ఉన్న అక్వేరియం వదిలేసింది. మనిషి పడుకోగలిగినంత పొడుగు, మంచి మందమైన అద్దం. కావలసినవాళ్లు పట్టుకుపొమ్మంటే లింగమూర్తి తప్ప ఎవరూ ముందుకు రాలేదు.

మామూలు చేపలు ఎవరైనా పెంచుతారు. ఆయనకు మాత్రం అందులో ఉప్పునీళ్లు నింపి సముద్రపు చేపల్ని పెంచాలని బుద్ధి పుట్టింది. "మీకు రాష్ట్రం వస్తే మాత్రం ఏముంది, సముద్రం లేదుగా" అని ఆఫీసులో ఎవరో అన్న మాట ఆయనకు గుచ్చుకుంది.

"సముద్రం లేదంటరా? మా ఇంట్లనే పెడ్త," అని ఇంటికొచ్చి ప్రకటించాడు.

భార్య సీతాబాయి సర్కారు దవాఖానలో పిల్లల వార్డు నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి టీవీ ముందు కూర్చుంది. ఆ సాయంత్రం కూడా ఒక కుర్రవాడి ఫోటో చూపిస్తున్నారు. రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్నాడట. తల్లి నేలమీద పడి ఏడుస్తోంది. సీతాబాయి లేచి టీవీ కట్టేసింది.

"నీ సముద్రం నువ్వు తెచ్చుకో," అంది. "కని ఒక్క మాట. దవాఖానల సావు చూస్తున్న. టీవీల సావు చూస్తున్న. నా ఇంట్ల మాత్రం ఏదీ సావొద్దు. ఒక్క చేప సచ్చినా ఆ తొట్టి బయట పడేస్త."

"ఒక్కటంటే ఒక్కటి సావది. నాది జిమ్మా," అన్నాడు లింగమూర్తి, చేప అనేదాన్ని కూరలో తప్ప దగ్గరగా చూడని మనిషి.

కూకట్‌పల్లిలో రంగు చేపల దుకాణం రామాంజనేయులుది. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డాడు. మర్యాద ఎక్కువ, భయం ఇంకా ఎక్కువ. బంద్ రోజుల్లో షట్టర్ సగం దించి, ఆ సగంలోంచే తొంగిచూస్తూ వ్యాపారం చేసేవాడు.

"మాలాంటివాళ్లని ఇక్కడ ఉండనిస్తారంటారా అండి?" అని అడిగాడు, ఉప్పు సంచి మూతి కడుతూ.

"నీకెందుకన్నా ఫికర్? చేపలకు ప్రాంతమేంది?"

"నిజమేనండి. ఈ చేపలు మద్రాసు నుంచి వస్తాయి. మనిద్దరికీ కానివి."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. "నీళ్లు కలపగానే చేపల్ని వెయ్యకండి. నెల పైన ఆగాలి. రాళ్లలో, ఇసుకలో మంచి సూక్ష్మజీవులు పుట్టాలి. చేపల మురికిని అవే అరిగిస్తాయి. అవి లేకపోతే చేప తన మురికిలో తానే చస్తుందండి."

లింగమూర్తి బుద్ధిగా ఆగాడు. నీళ్లు ఆవిరై తగ్గితే మంచినీళ్లే పోశాడు, ఉప్పు ఎక్కడికీ పోదు గనక. ఉప్పు కొలిచే గాజు గొట్టాన్ని పొద్దునోసారి, మాపునోసారి ముంచి చూశాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ దీపం వేసి మరీ తొట్టి చూపించాడు.

పక్కింటి సుబ్బమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎంతోసేపు వెతికింది. "ఏంది లింగన్నా, నీళ్లను పెంచుతున్నవా?" అంది.

నెల దాటాక ఒక చేపల జంట వచ్చింది. నారింజ రంగు ఒంటికి తెల్లటి పట్టీలు. వాటిలో పెద్దది ఆడది, చిన్నది మగది అని రామాంజనేయులు చెప్పాడు. "గట్లనే ఉండాలె," అని సీతాబాయి మెచ్చుకుంది. దొర, దొరసాని అని పేర్లు కూడా తనే పెట్టింది. దొరసాని ఎటు పోతే దొర అటు పోయేవాడు. డ్యూటీ నుంచి వచ్చి చాయ్ గ్లాసుతో తొట్టి ముందు కూర్చోవడం ఆమెకు అలవాటైంది. వార్డులో ఏ పిల్లకు జ్వరం దిగింది, ఎవరు ఇంటికి పోయారు, అన్నీ వాటికి చెప్పేది. టీవీ పెట్టడం తగ్గించింది. భార్య ముఖంలో తేట చూసి లింగమూర్తికి పండగలా ఉండేది.

ఆ సంతోషంలోనే తప్పు చేశాడు. పళ్లెంలా చదునుగా, పసుపు ముద్దలా ఉన్న చేప ఒకటి దుకాణంలో కంటపడింది. కావాలన్నాడు.

"ఇవాళే దిగిందండి," అన్నాడు రామాంజనేయులు. "తిన్నగా పెద్ద తొట్టిలో వెయ్యకండి. వేరే టబ్బులో నెల్లాళ్లు విడిగా ఉంచండి. లోపల రోగముంటే అక్కడే బయటపడుతుంది. దాన్ని ముట్టిన వల కూడా వీటికి వాడకండి."

లింగమూర్తి సరేనని బండెక్కాడు. కూకట్‌పల్లి దాటేలోపే మనసు మారింది. 'కొత్త కోడలు కాపురానికొస్తే నెల దినాలు అరుగు మీద కూసోబెడ్తమా?' అనుకున్నాడు. ఇంటికి రాగానే సంచి విప్పి తొట్టిలో వదిలేశాడు.

సీతాబాయి దానికి పంతులు అని పేరు పెట్టింది.

కొన్నాళ్లకు పంతులు ఒంటిమీద తెల్లటి చుక్కలు కనిపించాయి, ఉప్పు రవ్వల్లా. లింగమూర్తి కంగారు పడలేదు. ఉప్పునీళ్లల్ల ఉంటే ఉప్పు అంటదా అనుకున్నాడు. పంతులు రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే, మంచిగ ఆడుకుంటున్నడని మురిసిపోయాడు. ఒక పొద్దున సీతాబాయి స్నానానికి వెళ్లినప్పుడు చూస్తే పంతులు ఇసుక మీద పక్కకు ఒరిగి ఉన్నాడు.

స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. చేతికందిన టిఫిన్ డబ్బాలో పంతులును పెట్టి మూత బిగించి, ఆ డబ్బాతోనే ఆఫీసుకు పోయాడు.

ఆఫీసులో రాములు అనే డ్రైవర్‌కు సారు డబ్బా మీద చొరవ ఉంది. వాసన పసిగట్టి, చేపల వేపుడనుకుని ఆశగా మూత తీశాడు. లోపల పొలుసుతో సహా పంతులు.

"ఏంది సార్," అన్నాడు రాములు గొంతు తగ్గించి, "పచ్చిదే తింటున్రా?"

పంతులును పార్కింగు వెనక మట్టిలో పూడ్చి, లింగమూర్తి సాయంత్రం దుకాణానికి పరుగెత్తాడు. అలాంటిదే ఇంకోటి కావాలన్నాడు.

"మొన్నటిది ఏమైందండి?"

"మంచిగున్నది. జోడీ కోసం."

కొత్త పంతులు కూడా తిన్నగా అదే నీళ్లలోకి దిగాడు. సీతాబాయి చాయ్ తాగుతూ చూసింది.

"పంతులు జర లావైండేంది?"

"నీ చేతి తిండి."

తర్వాత దొర పోయాడు. లింగమూర్తి ఇంకో దొరను తెచ్చాడు.

"దొర పొట్టిగైండు గద," అంది సీతాబాయి.

"వయసు మీద పడితే అందరం వంగుతం."

"నిన్నటికి ఇయ్యాల్టికేనా?"

"దొరసాని అసొంటిది. మొగోడు ఒక్క రాత్రికే కుంగుతడు."

సీతాబాయి ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి గ్లాసు కడగడానికి లేచింది. దొర మళ్లీ పోయాడు. మళ్లీ వచ్చాడు. దుకాణంలో లింగమూర్తి ప్రతిసారీ జోడీ అనే చెప్పాడు.

"మీ లెక్కన మీ తొట్టిలో చేపలు నిలబడ్డానికి కూడా చోటుండకూడదండి," అన్నాడు రామాంజనేయులు. "ఒంటిమీద తెల్ల చుక్కలేమైనా ఉన్నాయా?"

"ఏం లెవ్వు. అన్ని మస్తుగున్నయి," అన్నాడు లింగమూర్తి. ఆ ఒక్కసారి నిజం చెప్పి ఉంటే కథ అక్కడే మలుపు తిరిగేది. కానీ ఇంట్లో చెప్పే అబద్ధం బయటా చెప్పకపోతే ఎక్కడో ఒకచోట బయటపడుతుందని ఆయన భయం.

ఇంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు గనులు ఆగిపోయాయి. ఊళ్లో కరెంటు కోతలు పెరిగాయి. ఒక సాయంత్రం కరెంటు పోయి, తొట్టిలో గాలి బుడగల మోటారు ఆగింది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. లింగమూర్తి చెంబుతో నీళ్లు ముంచి, ఎత్తునుంచి ధారగా పోయడం మొదలుపెట్టాడు. అలా పోస్తే కాస్తయినా గాలి కలుస్తుందని ఆశ.

సీతాబాయి నల్లబ్యాడ్జితోనే లోపలికొచ్చింది. కొంగు దోపుకుని ఆయన చేతిలో చెంబు అందుకుంది.

"బొగ్గు బంద్ పెట్టింది మనోళ్లే. కరెంటు లేదని ఏడ్సేది మనమే," అన్నాడు లింగమూర్తి.

"ఏడుపు బంద్ పెట్టు. నేను అలిసిపోతే నువ్వు పొయ్యి."

ఒకరి తర్వాత ఒకరు పోశారు. కొవ్వొత్తి వెలుగులో దొరసాని అద్దం దగ్గరికొచ్చింది. దాని ఒంటినిండా తెల్ల చుక్కలు. లింగమూర్తి భార్య వైపు చూశాడు. ఆమె నీళ్లకేసి చూస్తూ పోస్తూనే ఉంది. చూడలేదులే అని సమాధానపడ్డాడు. కానీ దొరసాని పోతే అసలుకే మోసం. సీతాబాయి ప్రాణమంతా దాని మీదే.

మర్నాడు బంద్. ఊరేగింపులు తప్పించుకుంటూ, సందుల్లోంచి బండి నెట్టుకుంటూ లింగమూర్తి దుకాణం చేరాడు. దొరసాని పోకముందే ఇంకో దొరసానిని సిద్ధంగా ఉంచుకోవాలన్నది ఆయన పథకం. సగం షట్టర్ కింద నుంచి రామాంజనేయులు చేప ఉన్న సంచి అందించాడు. ఈసారి ఏమీ అడగలేదు. "జాగ్రత్తగా వెళ్లిరండి" అన్నాడంతే.

ఇంటికొచ్చి చూస్తే తొట్టిలో రాళ్లున్నాయి, నీళ్లున్నాయి. చేప ఒక్కటీ లేదు.

సీతాబాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. "గా కవర్ల ఏమున్నది?"

"కొ... కొత్తిమీర."

"కొత్తిమీర ఈత కొడ్తున్నదయ్యా."

లింగమూర్తి సంచి వెనక్కి దాచుకున్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని మేడ మీది చిన్న గదికి తీసుకుపోయింది. అక్కడ పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఉంది. బ్యాటరీతో నడిచే చిన్న మోటారు బుడగలు వదులుతోంది. టబ్బులో దొరసాని ఒక మూల బరువుగా ఊపిరి తీస్తోంది. పంతులూ దొరా ఇంకో మూల ఉన్నారు.

"రాత్రి దొరసాని మీద చుక్కలు చూసి, పొద్దుగాల నీ రామాంజనేయులన్న దగ్గరికి నేనే పోయిన," అంది సీతాబాయి. "ఎన్ని జోడీలు కొన్నవో అన్ని చెప్పిండు. ఇది తెల్ల చుక్కల రోగం. పురుగు తొట్టిల ఇసుకల దాక్కుంటది. ఒకటిన్నర నెల అండ్ల ఒక్క చేప గూడ లేకుంటే తిండి దొరక్క అదే సస్తది. మందు ఈ టబ్బులనే వెయ్యాలె, ఆ తొట్టిల గాదు. నువ్వేమో సచ్చినకొద్దీ కొత్త చేపను తెచ్చి ఆ పురుగుకు అన్నం పెట్టినవు."

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు లింగమూర్తి.

"మొదటి పంతులు పోయిన నాడే. దినాం చూసే ముఖం మారితే తెల్వదా? వార్డుల కవల పిల్లలనే గుర్తువడ్త."

"మరి ఎందుకడగలె?"

"నువ్వు ముఖం మాడ్చుకొని అబద్ధాలు చెప్తుంటే... నా కోసం ఇంత పరేషాన్ అయితున్నడు, కానీ తీ అనుకున్న. నాది గూడ తప్పే." సీతాబాయి టబ్బు అంచు పట్టుకుని కూర్చుంది. "సావొద్దని అంటి గని, దాచమన్ననా? సచ్చిందని నాడే చెప్తే, ఎందుకు సచ్చిందని అడుగుదుము. నువ్వు సావును దాచినవు. రోగం గూడ దాంతోటే దాగింది."

ఆమె కళ్లలో నీళ్లు చూసి లింగమూర్తి పక్కన కూలబడ్డాడు. "నువ్వు ఏడుస్తవని చెప్పలె, సీతా."

"ఏడ్వనియ్యి. పోయినోళ్ల కోసం ఏడ్సేటోళ్లు ఉండాలె."

సంచిలో కొత్త దొరసాని అటూ ఇటూ తిరుగుతోంది. సీతాబాయి కళ్లు తుడుచుకుని లేచి, ఒక వేరే బకెట్ ముందుకు జరిపింది. "ఇది ఇండ్ల. నెల దినాలు ఒక్కతే ఉండాలె. దీని మగ్గు దీనికే. చేతులు కడుక్కో."

"దొరసాని బతుకుతదా?"

"తెల్వది. మందు ఏస్తున్నం. చూద్దాం."

ఆ రోజు నుంచి లింగమూర్తికి ఉద్యోగం రెండింతలైంది. పొద్దున టబ్బులో కొంచెం నీళ్లు మార్చడం, సీతాబాయి చెప్పినంతే మందు కలపడం, చేతులు కడుక్కుని అప్పుడు బకెట్ దగ్గరికి పోవడం. దొర మాత్రం దక్కలేదు. ఈసారి లింగమూర్తే వార్డుకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమె ఇంటికి వచ్చేదాకా దొరను తీయలేదు. ఇద్దరూ కలిసి ఇంటి వెనకాల పూడ్చారు. పంతులు నిలదొక్కుకున్నాడు. ఒక పొద్దున దొరసాని వేసిన మేత నోట పట్టి మింగింది. లింగమూర్తి అరిచిన అరుపుకు సీతాబాయి మేడ మెట్లు రెండేసి ఎక్కి వచ్చింది.

కింద హాల్లో తొట్టి మాత్రం ఖాళీగానే వెలుగుతోంది. సమ్మె ఇంకా సాగుతూనే ఉంది. ఒకనాడు చక్కెర కోసం వచ్చిన సుబ్బమ్మ తొట్టి ముందు ఆగి, అద్దానికి ముక్కు ఆనించి అన్ని మూలలూ వెతికింది.

"చేపలేవి లింగన్నా?"

లింగమూర్తికి అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. "సమ్మెల ఉన్నయి సుబ్బమ్మా," అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "ఏమయ్యా!" అంది సీతాబాయి లోపల్నుంచి.

లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు. "కొన్ని సచ్చిపోయినయి," అన్నాడు తల వంచుకుని. "నా తప్పుతోటే. మిగిలినయి మేడ మీద దవాఖానల ఉన్నయి. చూస్తనంటే తీస్కపోత గని, ముందు చేతులు కడుక్కోవాలె."

సుబ్బమ్మ చక్కెర గిన్నె కింద పెట్టి చేతులు కడుక్కోవడానికి పోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది.