దరిద్రానికి ఏర్పాట్లు

ఆ రోజు పొద్దున్న పెద్దల్లుడు గడ్డం గీసుకుంటూ, ఆసుపత్రిలో ఏయే బల్బులు పీకించాలా అని ఆలోచిస్తున్నాడు. మనిషి మతి చెడినవాడు కాడు, దొంగ అసలే కాడు. ఊరి ప్రభుత్వాసుపత్రికి పెద్ద డాక్టరు, అత్తవారింటికి పెద్దల్లుడు. ఊరు అతన్ని డాక్టరుగారూ అనే పిలుస్తుంది గానీ, అతని సుఖదుఃఖాలన్నీ ఆ రెండో హోదాలోనే ఇరుక్కుని ఉన్నాయి. కనక మనమూ పెద్దల్లుడు అనే అనుకుందాం.

చిన్నల్లుడూ డాక్టరే. పక్క ఊళ్ళో ఇలాంటిదే ప్రభుత్వాసుపత్రి అతని చేతిలో ఉంది. రెండేళ్ళ క్రితం ఒక విదేశీ ప్రభుత్వం వాళ్ళు, డబ్బులేని దేశాల ఆసుపత్రులకు సాయం చేస్తామంటూ వచ్చి రెండింటినీ చూశారు. పెద్దల్లుడు గోడలకు సున్నం వేయించి, దుప్పట్లు ఉతికించి, నేల మెరిసేలా తుడిపించి చూపించాడు. వాళ్ళు ఎంతో మెచ్చుకున్నారు. మెచ్చుకుని, చేయి కలిపి, వెళ్ళి చిన్నల్లుడికి గదంత స్కానింగ్ యంత్రం ఇచ్చారు. ఆ రోజు చిన్నల్లుడి ఆసుపత్రి కప్పు కారుతోందిట. ఒక చుక్క సరిగ్గా విదేశీ మేడమ్ ముక్కు మీద పడిందిట. ఆ చుక్కే యంత్రాన్ని తెచ్చిపెట్టిందని పెద్దల్లుడి గట్టి నమ్మకం.

యంత్రం వస్తే వచ్చింది. రిబ్బను కత్తిరిస్తున్న చిన్నల్లుడి ఫోటో అత్తగారి హాల్లో గోడకెక్కడమే పెద్దల్లుడికి మింగుడుపడలేదు. అంతవరకూ ఆ చోట ఉన్నది, పట్టా పుచ్చుకుంటున్న పెద్దల్లుడి ఫోటో. అత్తగారు దాన్ని పారేయలేదు పాపం. వంటింట్లోకి వెళ్ళే దారిలో, గ్యాస్ సిలిండర్ పైన తగిలించింది. అప్పటినుంచి అత్తవారింట్లో ఎంత కమ్మగా వండిపెట్టినా అతనికి సహించదు. కడుపులో మంటకి మాత్రలు కూడా వాడి చూశాడు. అది మాత్రలకు లొంగే మంట కాదు.

"ఇవాళ ఆ విదేశీ వాళ్ళు మళ్ళీ వస్తున్నారు కదా, ముందు చెల్లెలి వాళ్ళ ఆసుపత్రికి వెళ్ళి, తర్వాత మన దగ్గరికి వస్తారట," అంది భార్య గుమ్మంలో నిలబడి. "అమ్మ ఫోన్ చేసింది. మరిదిగారు కొత్త సూటు కుట్టించుకున్నారట."

"కుట్టించుకోనీ. నా చిరిగిన కోటు తియ్యి."

"మనింట్లో చిరిగిన కోటు లేదండీ."

"అయితే ఒకటి చింపు."

భార్య కత్తెర తెచ్చి మోచేతి దగ్గర చింపింది. ఆవిడకి చెల్లెలంటే ప్రాణమే గానీ, చెల్లెలి మొగుడి ఫోటో అంటే మాత్రం కాదు. "ఈసారైనా మన ఫోటో హాల్లోకి వస్తుందంటారా?" అని అడిగింది.

"రాకపోతే నన్నడుగు," అన్నాడు పెద్దల్లుడు చిరుగులోంచి మోచెయ్యి సరిచూసుకుంటూ.

ఆసుపత్రికి వెళ్తూనే హెడ్ సిస్టర్‌ని పిలిచాడు. "శుభ్రంగా ఉంటే ఎవరూ సాయం చేయరమ్మా. పోయినసారి మన కొంప ముంచింది ఆ శుభ్రమే. ఇవాళ మనం బీదగా ఉండాలి. నీలం మంచాలు, ఆక్సిజన్ యంత్రం, మందుల ఫ్రిజ్, వార్మర్, అన్నీ వ్యాన్ ఎక్కించి ఊరి చివర గోడౌన్‌కి పంపించండి. వాళ్ళు వెళ్ళగానే తెచ్చేసుకుందాం."

వార్మర్ అంటే, బరువు తక్కువగా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే తొట్టి. ఆ ఆసుపత్రిలో ఒక్క రోజు కూడా సెలవు పెట్టని ఉద్యోగి అదొక్కటే. హెడ్ సిస్టర్ ముచ్చటపడి దాని పక్కన పసుపు రంగు పిల్లి బొమ్మ కూడా అంటించుకుంది.

"వార్మర్ వద్దు సార్," అంది ఆవిడ.

"కాన్పుల గదిలో ఎవరూ లేరుగా?"

"ఇప్పటికి లేరు. నొప్పులు మనల్ని అడిగి రావు కదా సార్."

"ఒక్క పూటకి ఏమీ కాదు," అన్నాడు పెద్దల్లుడు. వ్యాన్ డ్రైవర్‌కి మరో హెచ్చరిక చేశాడు. "మధ్యలో ఫోన్ చేసి విసిగించకు. వాళ్ళ ముందు నా ఫోన్ మోగిందంటే ఊరుకోను."

వ్యాన్ వెళ్ళాక, మూలపడేసిన తుప్పు మంచాలు బయటికొచ్చాయి. బల్బులు సగం పీకారు. ఇక కప్పు సంగతి తేలాలి.

"కప్పు కారట్లేదు సార్. మొన్ననే మీరు బాగుచేయించారుగా," అన్నాడు తోటమాలి నొచ్చుకుంటూ.

"అదే నేను చేసిన తప్పు. పైన గాలి కిటికీ దగ్గర నీళ్ళ డబ్బాతో కూర్చో. నేను దగ్గగానే ఒక్క చుక్క వదులు. మేడమ్ ముక్కు మీద పడాలి."

కాలికి కట్టుతో ఉన్న తాత దగ్గరికి వెళ్ళి, గట్టిగా మూలగమని చెప్పాడు.

"నొప్పి తగ్గిపోయింది బాబూ, నీ చేతి చలవ."

"తగ్గలేదనుకో తాతా. కాసేపే."

అనుకున్న వేళకి కారు ఆగింది. విదేశీ మేడమ్, ఆవిడ మాటలు తెలుగులో చెప్పే దుబాసీ, ఒక ఫోటోగ్రాఫరు దిగారు. పెద్దల్లుడు చిరుగు కనపడేలా చెయ్యెత్తి నమస్కారం పెట్టి లోపలికి తీసుకెళ్ళాడు. చీకటిగా ఉన్న వార్డు, తుప్పు మంచాలు చూసి మేడమ్ మొహం చిన్నబోయింది. పెద్దల్లుడి మొహం వెలిగింది.

"మేడమ్ ఆశ్చర్యపోతున్నారు," అన్నాడు దుబాసీ. "ఇప్పుడే మీ పక్క ఊరి ఆసుపత్రి చూసొచ్చాం. ఎంత చక్కగా పెట్టుకున్నారో. నీలం మంచాలు, ఆక్సిజన్ యంత్రం, మందుల ఫ్రిజ్. వార్మర్‌కి పసుపు పిల్లి బొమ్మ కూడా ఉంది. అది మేడమ్‌కి తెగ నచ్చింది."

పసుపు పిల్లి ఉన్న వార్మర్ ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. తన పిల్లి తోడల్లుడి ఆసుపత్రిలో ఏం చేస్తోందో పెద్దల్లుడికి అర్థం కాలేదు. పొలమారింది. దగ్గాడు. ఆగకుండా దగ్గాడు. పైన తోటమాలి నమ్మకస్తుడు. ఒక దగ్గుకి ఒక చుక్క అన్న లెక్క ఆ వరసకి సరిపోదనిపించి, డబ్బా మొత్తం బోర్లించాడు. మేడమ్ భుజం కాస్త తడిసింది. మిగతాదంతా పెద్దల్లుడి నెత్తిన పడింది.

మేడమ్ కిటికీలోంచి బయటికి చూసింది. బయట ఎండ మాడ్చేస్తోంది.

"వాన లేదు కదా, ఈ నీళ్ళెక్కడివని అడుగుతున్నారు," అన్నాడు దుబాసీ.

"పోయిన వానాకాలం నీళ్ళండీ," అన్నాడు పెద్దల్లుడు మొహం తుడుచుకుంటూ. "ఇప్పటికి దిగాయి."

మేడమ్ జాలిగా తాత మంచం దగ్గరికి వెళ్ళి, ఎలా ఉందని అడిగించింది. ఇచ్చిన మాట ప్రకారం తాత రెండు మూలుగులు మూలిగాడు. ఆపైన సొంత కవిత్వం మొదలుపెట్టాడు. "కొత్త మంచం మీద హాయిగా పడుకున్నానమ్మా. పొద్దున్నే దించేసి, మంచం వ్యాన్‌లో వేసుకుపోయారు."

"తాతకి జ్వరం. పలవరిస్తున్నాడు," అన్నాడు పెద్దల్లుడు.

"నాకు జ్వరమేంటి బాబూ, కాలు విరిగితేనూ."

దుబాసీ ఏం చెప్పాడో గానీ మేడమ్ కళ్ళు తుడుచుకుంది. "రోగుల మంచాలు కూడా దొంగలెత్తుకుపోయారా అని బాధపడుతున్నారు," అన్నాడు.

పెద్దల్లుడు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. తల మాత్రం వంచాడు. పిల్లి బెంగ ఒక పక్కన ఉన్నా, లోపల మాత్రం పండగలాగే ఉంది. కారే కప్పు, దొంగలు, జ్వరం. చిన్నల్లుడికి ఉన్నది ఒక్క చుక్క. అత్తగారి హాలు కళ్ళముందు కదిలింది.

సరిగ్గా అప్పుడే గేట్లోకి ఆటో వచ్చింది. అందులోంచి ఒకమ్మాయిని ఇద్దరు పట్టుకుని దించారు. హెడ్ సిస్టర్ పెద్దల్లుడి వైపు ఒక్క చూపు చూసి కాన్పుల గదిలోకి పరిగెత్తింది. ఆ చూపు వెనకే అతనూ పరిగెత్తాడు. నెల ముందే వచ్చిన నొప్పులు. ఎక్కువసేపు పట్టలేదు. ఆడపిల్ల. అరచేతిలో ఇమిడిపోయేలా ఉంది. ఏడ్చింది గానీ బలం లేదు. ఒళ్ళు చల్లబడుతోంది.

"వార్మర్ సార్," అంది హెడ్ సిస్టర్.

పెద్దల్లుడికి హాలూ గోడా అన్నీ ఒక్కసారిగా చెరిగిపోయాయి. బిడ్డని తుడిపించి, తల్లి గుండెల మీద ఒళ్ళు ఒంటికి ఆనేలా పడుకోబెట్టించాడు. మీద కప్పుదామంటే తన కోటు తడిసి ముద్దయింది. గుమ్మంలో నిలబడ్డ మేడమ్, కారు ఏసీ చలికని తెచ్చుకుని చేతి మీద వేసుకున్న ఉన్ని శాలువా తీసి హెడ్ సిస్టర్ చేతికిచ్చింది. ఆ రోజు ఆ ఆసుపత్రికి అందిన అసలైన విదేశీ సాయం అదే.

పెద్దల్లుడు చిన్నల్లుడికి ఫోన్ చేశాడు. "తమ్ముడూ, వార్మర్ వెంటనే పంపు. ఇక్కడ బిడ్డ చల్లబడిపోతోంది."

"ఏ వార్మర్ అన్నయ్యగారూ?" అన్నాడు చిన్నల్లుడు అవతలి నుంచి.

నాదే, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే తగువు. తగువంటే రెండేళ్ళ సంగతులన్నీ బయటికొస్తాయి, తెల్లారిపోతుంది. తల్లి గుండెల మీద శాలువా అంచు ఎగురుతోందా లేదా అని చూశాడు. ఎగురుతోంది, నెమ్మదిగా.

"మీదే," అన్నాడు. "మీ వార్మరే. నీకు దండం పెడతాను, తొందరగా తీసుకురా."

అవతల ఫోన్ అప్పుడే పెట్టేశారు. దుబాసీ ఇదంతా మేడమ్‌కి వినిపించాడు.

చిన్నల్లుడు మనిషి చెడ్డవాడు కాడు. ఆంబులెన్సు స్వయంగా నడుపుకుంటూ, కొత్త సూటు చెమటకి తడిసిపోయేలా వచ్చాడు. వార్మర్‌ని తనే దించి తోసుకొచ్చాడు. పెద్దల్లుడు రెండు చేతులూ చాచి అందుకున్నాడు. అప్పుడే ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు. అది ఎవరికీ పట్టలేదు. బిడ్డ వార్మర్‌లో చేరింది. కాసేపటికి రంగు తేరింది. ఆనక ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. హెడ్ సిస్టర్ అప్పుడు కూర్చుంది.

వెళ్ళబోతూ మేడమ్ తన నిర్ణయం చెప్పించింది. "ఏమీ లేని ఈ ఆసుపత్రికి ఆ స్కానింగ్ యంత్రం మార్పించేస్తారట. ఉన్నవాటిని అంత చక్కగా చూసుకుంటూ, పొరుగువాళ్ళకి కూడా ఇస్తున్న ఆ ఆసుపత్రికి పిల్లల వార్డు కట్టిస్తారట."

యంత్రం తనకి. పెద్దల్లుడు తోడల్లుడి మొహం వాడిపోతుందేమోనని ఆశగా చూశాడు. వాడిపోలేదు సరికదా, చిన్నల్లుడు అతని చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేశాడు.

కారు వెళ్ళాక ఇద్దరూ వరండా బెంచీ మీద కూలబడ్డారు.

"మీ డ్రైవరే తెచ్చి దింపాడు అన్నయ్యగారూ. గోడౌన్‌కి తాళం వేసుందిట. మీరు ఫోన్ చేయొద్దన్నారట. తోడల్లుడి ఆసుపత్రే గదా అని తెచ్చేశాడు. దించుతుండగా వాళ్ళ కారొచ్చింది."

"నావని చెప్పలేకపోయావా?"

"చెబ్దామనే అనుకున్నాను." చిన్నల్లుడు సూటు మోకాలి మీది దుమ్ము దులుపుకున్నాడు. "ఆ యంత్రం వేస్తే వార్డుల్లో కరెంటంతా పోతుంది. ఇప్పటిదాకా ఒక్క రోగిని చూడలేదు. దానికి నా గది ఇచ్చి నేను మెట్ల కింద కూర్చుంటున్నాను. ఇంటికెళ్తే మీ మరదలు, బావగారి ఆసుపత్రిలో అన్నీ పనిచేస్తాయట అని రోజూ సాధింపు. ఒక్క పూటైనా మీలాగా ఉందామనిపించింది."

పెద్దల్లుడు బెంచీకి వెనక్కి ఆనుకున్నాడు. రెండేళ్ళ కడుపుమంట హాయిగా చల్లారుతోంది. తనని చూసి కూడా ఏడ్చేవాడు ఉన్నాడు. అదీ సాక్షాత్తూ చిన్నల్లుడు.

"మిగతావన్నీ రేపు పంపించేస్తాను," అన్నాడు చిన్నల్లుడు లేస్తూ. "కాకపోతే వాటికి ఆ మేడమ్ వాళ్ళు స్టిక్కర్లు అంటించారు, ఊడట్లేదు. మా దగ్గరున్నదంతా తామిచ్చిందే అనుకున్నారు."

లోపలికెళ్ళి చూస్తే నిజమే. వార్మర్ పక్కన 'విదేశీ ప్రభుత్వ బహుమతి' అని మెరిసే స్టిక్కరు ఉంది. దాని అంచు కింద పసుపు తోక మాత్రం మిగిలింది.

యంత్రం వచ్చింది. పెద్దల్లుడి గదిలో తప్ప ఇంకెక్కడా పట్టలేదు. అతను మెట్ల కిందికి మారాడు. ఆ తర్వాత ఒక ఆదివారం అత్తగారు ఇద్దరల్లుళ్ళనీ భోజనానికి పిలిచింది. హాల్లో గోడ మీద కొత్త ఫోటో ఉంది. సూటు వేసుకున్న చిన్నల్లుడు వార్మర్ ఇస్తున్నాడు. నెత్తిన నీళ్ళు కారుతూ, చిరిగిన కోటుతో, రెండు చేతులూ చాచి పెద్దల్లుడు పుచ్చుకుంటున్నాడు.

"పాపం, మా పెద్దల్లుడి దగ్గర ఏమీ ఉండేది కాదు. అన్నీ మా చిన్నల్లుడే చూశాడు," అని అత్తగారు పక్కింటావిడకి ఫోటో చూపిస్తోంది.

పెద్దల్లుడు కంచంలోకి తల దించుకున్నాడు. భార్య అన్నం వడ్డిస్తూ వంగి, చెవి దగ్గర మెల్లిగా అంది. "ఏమైతేనేం, హాల్లోకి వచ్చాం గదండీ."