పాత్ర లేనివారి సీజన్

"వచ్చే ఏడాదంతా మా ప్రభుత్వం నాటకాలాడుతుంది" అని సాంస్కృతిక శాఖ మంత్రిగారు మా థియేటర్ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. మూడు సంగీత నాటకాలు, నాలుగు మామూలువి. ఇంత నిజాయితీగల ప్రకటన ఏ మంత్రీ చేసి ఉండరు. మర్నాడు పత్రికలు ఆ వాక్యాన్ని అక్షరం మార్చకుండా అచ్చువేశాయి. ఒప్పుకున్నందుకు ప్రతిపక్ష నాయకుడు కృతజ్ఞతలు కూడా చెప్పాడు.

నేను ఆ సర్కారు థియేటర్లో ప్రాంప్టర్ని. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, నటులు మాట మరిచిపోతే అందిస్తాను. మాట జారితే ఏమవుతుందో నాకు కొంత తెలుసు. శాఖ కార్యదర్శిగారికి నాకంటే ఎక్కువ తెలుసు. మూడో రోజుకల్లా సర్క్యులర్ పంపారు. నాటకం ఇకమీదట 'సభా కార్యక్రమం'. వేషం 'తాత్కాలిక ఆకృతి'. తెర వెనుక అంటే జనంలో అనుమానాలు రేగుతాయి కాబట్టి 'వస్త్రానికి అవతల' అనాలి. వంత పాడేవాళ్లు 'సామూహిక సమ్మతి బృందం'.

మేకప్ వేసే పెద్దాయన్ని మేమంతా రంగుల మావయ్య అంటాం. ఆయన చేతులు కట్టుకుని, "మరి రంగు అనొచ్చా సార్?" అని అడిగాడు.

కార్యదర్శిగారు చాలాసేపు ఆలోచించారు. "అనొచ్చు. పూయొచ్చు. మార్చడం మాత్రం వద్దు. మంత్రిగారు ఈ పార్టీలోకి వచ్చి మూడు నెలలే అయింది."

ఇంత లోతుగా ఆలోచించే అధికారి దొరకడం మా అదృష్టం.

ఈ మాటల గొడవ పట్టనిది ఒక్క వంతక్కకే. ఇరవై రెండేళ్లుగా వెనక వరుసలో వంత పాడుతోంది కాబట్టి ఆ పేరు. ముందు నిలబడ్డ రాణి ఏడిస్తే ఏడ్చింది, నవ్వితే నవ్వింది. ఈ సీజన్ మొదటి సంగీత నాటకంలో మా దర్శకుడు ఏ మూడ్‌లో ఉన్నాడో గాని, రాణి పాత్ర ఆమెకే ఇచ్చాడు. సీజన్ అయ్యేలోపు ఆమె రిటైరవుతుంది. ఇక ఇంకో పాత్ర రాదు. "ఇంట్లో కూడా రాణిలాగే నడుస్తున్నానట తమ్ముడూ, మా ఆయన జడుసుకుంటున్నాడు" అని నాతో చెప్పి, అలాగే నడుచుకుంటూ వెళ్లింది.

ఇంతలో శాసనసభలో ప్రశ్న వచ్చింది: ఈ నాటకాల్లో ఎవరి పాత్ర ఎంత? మంత్రిగారు తన పాత్ర ఏమీ లేదన్నారు. అధికారులు తమదీ లేదన్నారు. పాత్ర లేకపోవడం అంత గౌరవంగా కనిపించేసరికి, ఆ గౌరవం మాకూ దక్కాలని కార్యదర్శిగారు ఫారాలు అచ్చువేయించారు. 'ఈ సీజన్‌లో నాకు ఎలాంటి పాత్రా లేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.'

హీరో మొదట సంతకం పెట్టాడు. తర్వాత దర్శకుడు, వాద్యకారులు, రంగుల మావయ్య. నేనూ పెట్టాను. పెట్టాక లోపల ఏదో తేలికైంది. లేకుండా పోవడంలో ఇంత హాయి ఉంటుందని నాకు తెలియదు. ఆ హాయిని చూసి కాస్త భయం కూడా వేసింది గాని, భయం రాయడానికి ఫారంలో గడి లేదు.

వంతక్క పెట్టలేదు.

"మామూలు కాగితమేనమ్మా" అన్నారు కార్యదర్శిగారు.

"ఇరవై రెండేళ్లు నాకు పాత్ర లేదు సార్. అప్పుడెవరూ రాసిమ్మనలేదు. ఇప్పుడు వచ్చాక, లేదని ఎలా రాసిచ్చేది?"

మొదటి ప్రదర్శన రోజున శాఖ లాయరు ఇంకో సంగతి కనిపెట్టారు. సంతకం పెట్టినవాళ్లు స్టేజీ ఎక్కితే సంతకం అబద్ధమైపోతుంది. అందుకని అందరం వెళ్లి ప్రేక్షకుల్లో కూర్చున్నాం. హీరో కిరీటంతోనే రెండో వరుసలో సర్దుకున్నాడు. వాద్యకారులు వాయిద్యాలు ఒళ్లో పెట్టుకున్నారు. తెర లాగేవాడు నా పక్కన కూర్చున్నాడు.

వంతక్క తెర తనే లాగింది. రాణిగా వచ్చి నిలబడింది. రాజు అడగాల్సినవి తనే అడిగి, తనే జవాబు చెప్పింది. వంత కూడా తనే పాడుకుంది, అది ఎలాగూ అలవాటే. నడిమధ్యలో ఒక మాట మరిచిపోయి తెర పక్కకి చూసింది. నేను నాలుగో వరుసలో ఉన్నాను. ఆ మాట నా నాలుక చివరే ఉంది. మింగేశాను. ఆమె మరికాసేపు అటే చూసి, ఎప్పటిదో పాత వంత ముక్క ఒకటి అక్కడ అతికించి ముందుకు సాగింది.

మంత్రిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాడు పత్రికలు 'మంత్రిగారి నాటకంలో నటులే కరువు' అని రాశాక, ఆ చప్పట్లను కూడా వెనక్కి తీసుకున్నారు.

ఇందులో ఎవరి పాత్ర ఎంతో తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. మా ఫారాలన్నీ నిక్కచ్చిగా ఉన్నాయి. వారం తిరక్కుండా వంతక్కకు సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. కార్యదర్శిగారే స్వయంగా చేతికిచ్చారు. ఆమె కళ్లజోడు తుడుచుకుని పెదవులు కదుపుతూ చదివింది: 'సదరు కార్యక్రమంలో ప్రధాన పాత్ర ఈ ఉద్యోగినిదేనని కమిటీ ఏకగ్రీవంగా నిర్ధారించింది.'

"బాధపడకమ్మా" అన్నారు కార్యదర్శిగారు.

"బాధేముంది సార్" అంది వంతక్క, కాగితాన్ని వెలుతురుకి పట్టి చూస్తూ. "ముద్ర సరిగ్గా పడలేదు. ఇంకోసారి వేయించండి."