తోలేవారి పేరు

మనిషి రెండు కాళ్ల మీద నిలబడి లక్షల ఏళ్లు గడిచినా, కొండమీద పరిగెత్తడానికి ఒక అనుమతి విధానమంటూ లేకపోవడం నాగరికతకే తీరని లోటు. గుంటూరు శివార్లలో, కొత్త వెంచర్లు దాటాక ఉన్న చింతలగట్టు దగ్గర ఆ లోటు ఈ మిరప కోతల కాలంలో తీరింది. 'అనుమతి లేని సంచారము నిషేధము' అని కొండ మొదట్లో బోర్డు వెలిసింది.

ఆ బోర్డు చూసి ఆగిపోయిన మనిషి సౌజన్య. మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా, వయసు నలభై ఒకటి. రోజూ పొద్దున్నే ఆ రాళ్లబాట మీద పైదాకా పరిగెత్తి దిగి వచ్చేది. ఇరవై నాలుగు గంటల్లో ఆ అరగంటే ఆమెది, మిగతావన్నీ వేరేవాళ్లవి. అది కాస్తా పోతే తనకు పిచ్చెక్కుతుందని ఆమెకు బాగా తెలుసు.

అందుకే అనుమతులిచ్చే ఆఫీసుకు తలుపు తీయకముందే వెళ్లి కూర్చుంది. కొండ సంచార అనుమతుల సహాయ పర్యవేక్షకులు కోటిలింగం గారు (పదవి పేరు బల్లమీద పట్టక సగం గోడమీద రాయించారు) చాలా మర్యాదస్తులు. కొండెక్కేవాటికి ఆయన దగ్గరున్న ఫారం ఒక్కటే, పశువుల మేపు ఫారం. మనుషులది ఇంకా అచ్చు కావాలి (ప్రూఫులు దిద్దుతున్నారు).

సౌజన్య ఓపిగ్గానే నింపింది. రంగు: చామనఛాయ. కొమ్ములు: లేవు. పూటకు ఎన్ని పాలు అన్నచోట గీత పెట్టింది.

"తోలేవారి పేరు ఖాళీగా వదిలేశారమ్మా," అన్నారు కోటిలింగం గారు.

"నన్నెవరూ తోలరండి. నేనే పరిగెడతాను."

"తోలేవారు లేకుండా కొండెక్కితే రూల్ ప్రకారం బందెలదొడ్డికి పంపాలమ్మా. అక్కడ లేడీస్‌కి బాత్రూం కూడా లేదు. మీవారి పేరు రాసి సంతకం పెట్టించుకు రండి. కర్ర ఆయనే తెచ్చుకోవాలి."

భర్త అశోక్ మంచివాడే. సంతకం పెట్టాడు, కర్ర కూడా తెచ్చాడు. మొదటిరోజు కొండ కింద బండి మీద కూర్చుని, "మెల్లగా వెళ్లవే, కాలు జారుద్ది!" అని శిఖరం దాకా వినబడేట్టు అరిచాడు. రెండోరోజు "ఇంకా ఎంతసేపే?" అని నాలుగుసార్లు ఫోన్ చేశాడు. మూడోరోజు మంచం దిగకుండానే, "ఆ మెషీనేదో కొనుక్కుని ఇంట్లో పరిగెత్తు, నా వల్ల కాదు," అని ముసుగేశాడు. (తోలేవారు విధుల నుంచి తప్పుకున్నచో పశువు అనుమతి దానంతటదే రద్దగును. నిబంధన తొమ్మిది.)

సౌజన్య ఒక్కతే కొండ దాకా వచ్చి, బోర్డు కింద కూలబడి ఏడ్చేసింది. కోపంతో వచ్చిన ఏడుపది.

రోజూ ఆ బాటలో ఎదురుపడే అంకమ్మ మేకల్ని తోలుకుంటూ వచ్చి ఆగింది. "ఏందమ్మాయ్, పొద్దున్నే ఈ ఏడుపేంది?"

సంగతంతా విని బుగ్గలు నొక్కుకుంది. "నీకు కాయితమెందుకే పిచ్చిదానా? కాయితాలన్నీ మేకలకే. తోలేదాన్ని, నన్ను ఇంతవరకూ ఎవడూ అడగలా!" మందలోంచి ఒక నల్లమేకను లాగి తాడు చేతికిచ్చింది. "దీన్ని తీసకపో. ఇదీ నీలాగే ఒకచోట నిలబడి చావదు."

ఆఫీసు తెరిచేసరికి సౌజన్య, నల్లమేక వరుసలో ముందున్నారు. కోటిలింగం గారి ముఖం వెలిగిపోయింది. ఫారానికి అతికినట్టు సరిపోయే దరఖాస్తు వచ్చి చాలా రోజులైంది. కొమ్ములు: రెండు. తోలేవారి పేరు: సౌజన్య.

"మేక పరిగెడితే వెనకాల నేనూ పరిగెత్తొచ్చా అండీ?"

"పరిగెత్తొచ్చా ఏంటమ్మా, పరిగెత్తి తీరాలి! తోలేవారి విధి అది."

స్టాంపు పడింది. సౌజన్యకు అక్కడే ఎగిరి గంతెయ్యాలనిపించింది. అయినా గుమాస్తా బుర్ర కదా, కాగితంలో వెలితి కనబడితే ఊరుకోదు.

"మరి దీని మొగుడి సంతకం అక్కర్లేదా అండీ?"

కోటిలింగం గారు నొచ్చుకున్నారు. మేక వైపు జాలిగా చూసి, దానికి వినబడకుండా గొంతు తగ్గించారు.

"తప్పమ్మా. మూగజీవాల్ని అలా వేధిస్తే కేసవుద్ది."