పిన్నిగారు ఉప్పునీళ్ళలో ఉంటారు

మజ్జి కనకలింగానికి నగరపాలక సంస్థవారు ఒక సముద్రపు పువ్వును పిన్నిగా మంజూరు చేశారు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ నగరంలో ఇంట్లో ఎవరూ ఒంటరిగా ఉండకూడదన్న నిబంధన అప్పటికే అమలులో ఉంది. చుట్టాలున్నవాళ్ళు చుట్టాలను తెచ్చుకున్నారు. లేనివాళ్ళకు సంస్థే ఇవ్వాల్సి వచ్చింది. మొదట్లో కుక్కల్ని ఇచ్చారుగాని, అవి వీధిలో అందరితోనూ చుట్టరికం కలుపుకున్నాయి. సముద్రపు పువ్వుతో ఆ బెడద లేదు. పేరుకు పువ్వేగాని అది జంతువు. పాదాన్ని రాతికి అతికించుకుని, వేళ్ళలాంటి మెత్తని పోగుల్ని నీళ్ళలో ఆడిస్తూ ఏళ్ళ తరబడి ఒక్కచోటే ఉంటుంది. చుట్టానికి ఇంతకంటే ఏం కావాలని సంస్థ సమావేశంలో ఎవరో అడిగితే అందరూ చేతులెత్తి ఆమోదించారు.

కనకలింగం బస్సు కాంప్లెక్సులో ప్రకటనలు చదివే ఉద్యోగి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పొద్దస్తమానం జనానికి చెబుతూ ఉంటాడు. భార్య కుసుమ పోయిన తర్వాత ఇంట్లో నోరు తెరిచే అవసరం పడలేదు.

బంధుత్వ విభాగంలో హైమవతి అనే అధికారిణి ఆయన్ని కూర్చోబెట్టి అడిగింది.

"ఎవరు కావాలండీ?"

"బావమరిది ఉంటే ఇప్పించండి. కాస్త సరదాగా ఉంటుంది."

"బావమరుదులు అయిపోయారండి. వచ్చినవాళ్ళను వచ్చినట్టే పట్టుకుపోతున్నారు. పిన్ని ఉన్నారు. నెమ్మదైన మనిషి."

"ఏం తింటారు?"

"చిన్న రొయ్య ముక్క వేస్తే చాలు. వెలుతురు మాత్రం బాగా ఉండాలి. ముందు మీరు తొట్టెలో ఉప్పునీళ్ళు పోసి పాతబడనివ్వండి. కొత్త నీళ్ళలో ఆవిడ ఉండలేరు."

ఆ వానాకాలమంతా ఖాళీ తొట్టెలో నీళ్ళు పాతబడ్డాయి. కనకలింగం డ్యూటీ దిగి వచ్చి, దీపం వెలుగుతున్న ఆ నీళ్ళ ముందు కూర్చుని భోంచేసేవాడు. మెట్ల మీద ఎదురుపడిన వాళ్ళంతా "మీ పిన్నిగారు ఎప్పుడొస్తున్నారు?" అని ఆగి అడిగేవారు. కుసుమ దినాల తర్వాత మళ్ళీ గుమ్మం తొక్కని ఎదురింటి వరహాలమ్మ కూడా వచ్చి తొట్టె చూసి, అద్దం తుడిచి వెళ్ళింది. ఆయన కొత్త కాఫీ కప్పులు కొన్నాడు.

పిన్నిగారు ప్లాస్టిక్ సంచీలో వచ్చారు. హైమవతి ఆ సంచీని తొట్టెలో తేలించి, తొట్టెలోని నీళ్ళను సన్నని గొట్టంతో బొట్టుబొట్టుగా అందులోకి వదిలించింది. "తొందరపడకండి. ఈ ఇంటి ఉప్పు ఆవిడ ఒంటికి అలవాటు కావాలి" అంది. లోపలికి దిగాక పిన్నిగారు కొన్నాళ్ళు రాళ్ళ మీద మెల్లగా పాకి, చివరికి కిటికీ వైపు రాయిని పట్టుకుని అక్కడే ఉండిపోయారు.

పిన్నిగారు వచ్చిన రోజు సాయంత్రమే కనకలింగం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తొట్టె ముందు నిలబడ్డాడు. ఆయనకు మాట్లాడడం ఒక్కరకంగానే వచ్చు.

"దయచేసి గమనించండి. నేను కనకలింగాన్ని. డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. ఇంట్లో ఏ ఇబ్బంది కలిగినా నాకు తెలియజేయగలరు."

పిన్నిగారు పోగులన్నీ లోపలికి లాక్కుని ఉసిరికాయంత అయిపోయారు. కొత్త కదా అనుకున్నాడు. మర్నాడూ అంతే. అయినా ఆయన మానలేదు. కుసుమ వంకాయ ఎలా వండేదో, ఆసుపత్రిలో తన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపొమ్మని ఎలా అడిగిందో, తాను రేపు వెళ్దామని ఎందుకన్నాడో, ముడుచుకున్న ఆ ముద్దకు రోజూ చెప్పాడు.

తనిఖీకి వచ్చిన హైమవతి ముద్దను చూసి మొహం చిట్లించింది. పగలు రొయ్య ముక్క వెయ్యడానికి ఇంటి తాళం వరహాలమ్మ దగ్గర ఉంటుంది కనుక ఆమెను పిలిపించింది.

"ఈ బాబు డ్యూటీకెల్లగానే పువ్వునాగ ఇచ్చుకుంటాదమ్మా" అంది వరహాలమ్మ. "అన్నం పల్లెమంత అయిపోద్ది. సూడ్డానికి రెండు కల్లూ సాలవు. ఈయనొచ్చిన సప్పుడికే ముడుసుకుపోద్ది."

హైమవతి ఆ మాట కాగితం మీద రాసుకుంది. "అంటే పిన్నిగారు ఈ ఇంట్లో చక్కగా స్థిరపడ్డారు. మీరే ఇంకా స్థిరపడలేదు."

"నేను పెళ్ళయినప్పటి నుంచీ ఇక్కడే ఉంటున్నానండి."

"ఉండడం వేరండి."

"పోనీ ఆవిడను మార్చి ఇంకొకరిని..."

"పట్టు దొరికినవాళ్ళను పీకితే బతకరు. మిమ్మల్నయితే కదిలించవచ్చు."

సంబంధం కుదరనివాళ్ళను ఊరి చివర వసతి గృహానికి పంపుతారు. అక్కడ హాలు నిండా మంచాలు ఉంటాయనీ, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరనీ కనకలింగం విన్నాడు. "నన్నే అలవాటు చెయ్యండి" అన్నాడు.

పిన్నిగారిని నీళ్ళకు అలవాటు చేసిన పద్ధతే. మనిషిని ఒక్కసారిగా లోపల పెట్టకూడదు. ఆయన్ని ముందు తలుపు బయట మెట్ల మీద కూర్చోబెట్టారు. డ్యూటీ నుంచి వచ్చి అక్కడే తిని, అక్కడే చాప వేసుకునేవాడు. మెట్లెక్కేవాళ్ళు ఆయన కాళ్ళు దాటుకుని వెళ్ళి, పిన్నిగారిని పలకరించి వచ్చేవారు. తర్వాత గుమ్మం దాకా రానిచ్చారు, ఆ తర్వాత కుర్చీ దాకా. మాట్లాడవద్దని హైమవతి గట్టిగా చెప్పింది. ఆయన మాట్లాడలేదు. మొదట్లో ఏదో ఒకటి చెప్పాలనిపించేది. పోనుపోను అదీ పోయింది. ఒక ఆదివారం ఆయన కుర్చీలో ఉండగానే పిన్నిగారు ఒక్కొక్క పోగే బయటికి తీసి పళ్ళెమంత విచ్చుకున్నారు.

"ఇప్పుడు చెయ్యి పెట్టండి" అంది హైమవతి.

ఆయన చొక్కా చెయ్యి మడిచి నీళ్ళలో పెట్టాడు. పోగులు వచ్చి వేళ్ళకు అంటుకున్నాయి. సన్నగా మంట పుట్టింది. ఒక్కొక్కటిగా అన్నీ చుట్టుకుని, మణికట్టు దాకా పట్టుకున్నాయి. కుసుమ తర్వాత ఆ చెయ్యిని ఎవరూ పట్టుకోలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"నొప్పిగా ఉందా?"

తల అడ్డంగా ఊపాడు.

"సంబంధం కుదిరిందండి" అంది హైమవతి సంతోషంగా, సంచీ భుజాన తగిలించుకుంటూ. "ఈ ఇంట్లో ఒంటరివాళ్ళు ఎవరూ లేరని రాసేస్తాను. ఇక మీ గురించి అడగడానికి ఎవరూ రానక్కర్లేదు."

కనకలింగం అలాగేనన్నట్టు తలూపాడు. రెండో చెయ్యి కూడా నీళ్ళలో పెట్టాడు. ఆమె చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.