వీరేశం మోగించి ఎంచిన సైలెన్సరు

ఆ రోజు పొద్దున వీరేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. కారును మేనల్లుడి షాపులో ఇవ్వాలి, సాయంత్రానికల్లా దానికి కాస్త బలం పట్టించి తెచ్చుకోవాలి, ఆదివారం భార్య పద్మను ఎక్కించుకుని ఆమె పుట్టిల్లు తొర్రూరు వెళ్లాలి. పద్మకు మాత్రం ముందుగా చెప్పకూడదు.

దీనికంతటికీ కారణం మిరప బస్తాల ట్రాలీ ఆటో ఒకటి. కిందటి నెల పద్మ పుట్టింటికి వెళుతుంటే, కాస్త ఎత్తుగా ఉన్న చోట ఆ ఆటో వీళ్ల కారును దాటేసింది. దాటుతూ ఆటోవాడు చెయ్యి కూడా ఊపాడు. "పోనియ్‌ తీ, మనకేం తొందర" అంది పద్మ. ఆమె మామూలుగానే అంది. వీరేశానికి మాత్రం ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. పెళ్లయిన నాటి నుంచి ఇది కావాలని నోరు తెరిచి అడగని మనిషి. అలాంటి మనిషి ముందు ఒక ఆటోను దాటలేకపోతే తానేం మొగుడు?

మేనల్లుడు చైతన్యకు హంటర్‌ రోడ్డులో కార్ల సోకులు చేసే షాపు ఉంది. బానెట్‌ ఎత్తి చూసి, మామకు అర్థమయ్యేట్టు చెప్పాడు.

"మామా, నీ బండికి ఊపిరి ఆడ్తలేదు. ముంగట మంచి ఎయిర్‌ ఫిల్టర్‌ ఏద్దాం. ఎనక పొగ సాఫీగ పోయే సైలెన్సర్‌ ఏద్దాం. ఆఖరికి కంప్యూటర్‌ పెట్టి ఇంజన్‌ సెట్టింగ్‌ మారుస్త. అన్నీ చేస్తేనే బలమొస్తది."

"కంప్యూటర్‌ సంగతి మల్ల చూద్దాం. ముందుగాల సైలెన్సర్లు చూపియ్‌ రా."

చైతన్య తన దగ్గరున్నవి తెచ్చి నేల మీద పరిచాడు. వాటిలో ఒకదాన్ని ముందుకు జరిపి, "రోజు తిరిగే బండికి ఇది మంచిగుంటది. సప్పుడు గూడ రాదు" అన్నాడు. మరొకరైతే సరేననేవారే. కానీ వీరేశానికి స్టేషన్‌ రోడ్డులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. బిందె గానీ, గిన్నె గానీ, వేలి కణుపుతో ఒక్కటిచ్చి మోత విని రకం చెప్పడం వాళ్ల తాతల నాటి విద్య. ఆయన గొంతుక్కూర్చుని ఒక్కో సైలెన్సరునూ కొట్టి చూశాడు. మేనల్లుడు చెప్పింది టప్‌మని ఊరుకుంది. చివర్న ఉన్నది మాత్రం ఖంగుమని మోగి, చెయ్యి తీసిన తర్వాత కూడా మోగుతూనే ఉంది.

"ఇగో, ఇదీ అసలు సరుకు!"

"మామా, అది రేసు బండ్లకు ఏసేది. సప్పుడు బాగొస్తది."

"సరుకు మంచిదైతే సప్పుడు రాకుంటే ఎట్ల రా? బర్తన్లు అమ్మేటోనికి నువ్వు జెప్తవా?"

ఆ ఇంట్లో మేనమామకు ఎదురు చెప్పే అలవాటు లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని కూడా మామ ఒట్టు వేయించుకున్నాడు. చైతన్య నోరు మూసుకుని సైలెన్సరు బిగించాడు.

సాయంత్రం తాళం తిప్పగానే షాపు రేకుల మీది పావురాలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. వీరేశం సంబరంలో ఛార్జింగుకు పెట్టిన సెల్లు అక్కడే మరిచిపోయి బయలుదేరాడు. కారు గాల్లో తేలుతున్నట్టే ఉందాయనకు. స్పీడు చూపే ముల్లు మాత్రం రోజూ ఎక్కడుంటుందో అక్కడే ఉంది. ఆయన ముల్లును చూడలేదు, మోతనే విన్నాడు.

అండర్‌ బ్రిడ్జి దాటి, శివనగర్‌లో తమ గల్లీలోకి తిరిగి, ఇంటి ముందుకొచ్చి బ్రేకు వేశాడు. గేటు మూసి ఉంది.

ఇన్నేళ్లలో ఎన్నడూ అలా లేదు. ఆయన ఏ వేళకు వచ్చినా గేటు బార్లా తీసి ఉండేది, ఆగకుండా కారును లోపలికి పోనిచ్చేవాడు. ఏమిటబ్బా అనుకుంటుండగానే కిటికీ తెరుచుకుంది. పద్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, లైట్ల వైపు మొహం చిట్లించి చూసి, కిటికీ తలుపు ఠక్కున వేసేసింది.

"ఎవలో చెప్పేసిర్రు" అనుకున్నాడు వీరేశం. చెప్పకుండా ఇంత పని చేసినందుకు కోపం వచ్చి ఉంటుంది. గేటు తట్టే ధైర్యం చాలలేదు. కారు వెనక్కి తిప్పుకుని బజారుకు పోయి బాలుషా మిఠాయిలు, మల్లెపూలు కొన్నాడు. తిరిగి వచ్చేసరికి ఈసారి గేటుకు తాళం వేలాడుతోంది.

ఎంత గొడవ పడ్డా పద్మ ఏనాడూ పుట్టింటి దారి పట్టలేదు. ఈ పాడు గొట్టం కోసం అదీ జరిగిపోయింది. కారు తొర్రూరు వైపు తిప్పాడు. వర్ధన్నపేటలో ఒక పెళ్లి బరాత్‌ తన డప్పులు ఆపేసి మరీ దారిచ్చింది. దారి పొడుగునా ఆయన ఏమని బతిమాలాలా అని మాటలు కూర్చుకుంటున్నాడు. ఆ ఎత్తు మీద తాను ఎవరిని దాటాడో, తనను ఎవరు దాటారో చూడనే లేదు.

బామ్మర్ది ఉదయ్‌ మోత విని ముందే వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"బావా! ఏందీ సప్పుడు? అక్కేది?"

"అక్క... ఇక్కడికి రాలే?"

ఉదయ్‌ వెంటనే అక్కకు ఫోన్‌ కలిపి స్పీకర్‌ పెట్టాడు.

పద్మ అప్పుడు చైతన్య షాపులో ఉంది. మొగుడు ఇంకా రాలేదేమని ఆయన సెల్లుకు చేస్తే, మేనల్లుడు ఎత్తి మామ ఎప్పుడో వెళ్లిపోయాడన్నాడు. ఆమె ఇంటికి తాళం వేసి ఆటోలో పరుగున వచ్చింది. ఒట్టు వేసిన పాపానికి చైతన్య సర్వీసింగ్‌ అని తప్ప మరో మాట చెప్పలేక, వరంగల్‌లో ఉన్న దవాఖానలన్నిటికీ ఫోన్లు చేస్తున్నాడు.

"పద్మా, నేనే" అన్నాడు వీరేశం.

"ఏడున్నవయ్యా నువ్వు! నా పానం పోతాంది ఇక్కడ!"

"తొర్రూర్ల. నువ్వు అలిగి పోయినవనుకున్న."

"నేనెందుకు అలుగుత?"

"గేటు తియ్యలేదు గద. కిటికీల నుంచి నన్ను చూసి తలుపేసుకున్నవ్‌."



"గా ట్రాక్టర్‌ నువ్వేనా?"

"ట్రాక్టర్‌ కాదు, మన బండే. నీ కోసమని జర బలం పట్టించిన."

"నాకేం ఎర్క! మన బండి గల్లీ మలుపు తిరిగిందంటే దాని సప్పుడు నేను గుర్తువడ్త. అది ఇన్నంకనే ఉరికొచ్చి గేటు తీస్త. రోజు గంతే గద. ఇయ్యాల ఆ సప్పుడు రాకపాయె. నీకేమన్న అయిందేమోనని..."

గేటు తెరిచి ఉండటం ఇంటి రివాజు అనుకున్నాడు వీరేశం ఇన్నాళ్లూ. పొయ్యి మీద ఏముందో వదిలేసి, ఒంట్లో బాగున్నా లేకున్నా, ఆమె రోజూ పరుగెత్తుకొచ్చి తీస్తోందన్న ఆలోచనే ఆయనకు రాలేదు. మోత విని గిన్నెల రకం చెప్పే తనను, ఒక మనిషి ఇన్నేళ్లుగా చెవులు రిక్కించి వింటోంది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉదయ్‌ ఏమీ చూడనట్టు పక్కకు తిరిగాడు.

వీరేశం తిరిగి వచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది. పద్మ గేటు పక్కనే నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఆయన అందించిన పూలు సగం వాడిపోయాయి. ఆమె వాటినే తలలో పెట్టుకుంది.

"రేపే పోయి పాత సైలెన్సర్‌ బిగించుకొస్త" అన్నాడు.

"ఏం వద్దు" అంది పద్మ. "పాతదైతే గల్లీల కొస్తెనే ఇనొచ్చేది. ఇదైతే నువ్వు అండర్‌ బ్రిడ్జి కాడ ఉన్నప్పుడే ఇనొచ్చింది. ఇంక జర ముందుగాలనే నా మనసు నిమ్మలపడ్తది. ఉండనియ్‌."

వీరేశం వరకు సమస్య అక్కడితో తీరింది. గల్లీలోని మిగతా మగవాళ్లకు అక్కడే మొదలైంది. సాయంత్రం ఆ మోత వినబడితే చాలు, ఇంటింటా ఆడవాళ్లు ఫోన్లు ఎత్తి, "వీరేశమన్న వచ్చిండు, నువ్వేడున్నవ్‌?" అని అడగసాగారు. చాయ్‌ బండి దగ్గర కబుర్లు బందయ్యాయి, పేకాట మూతబడింది. వారం తిరక్కుండా అందరూ కలిసి వీరేశం దుకాణానికి వచ్చి, "అన్నా, నీకు దండం పెడ్తం, సప్పుడు రాని సైలెన్సర్‌ మేమే కొనిస్తం" అని మొరపెట్టుకున్నారు.

ఇంట్లో అడిగి చెబుతానన్నాడు వీరేశం. ఇంకా అడగలేదు.